థిక్సే ఉదయమా, హెమిస్ పండగా?

థిక్సే, హెమిస్ రెండూ లద్దాఖ్‌లో లేహ్ పట్టణం దగ్గరి గొంపాలు, అంటే బౌద్ధ మఠాలు. లేహ్ ఎత్తు దాదాపు 3,500 మీటర్లు. దిగగానే గొంపాలంటూ పరిగెత్తితే తలనొప్పి, వాంతులే మిగులుతాయి. ముందు రెండు రోజులు విశ్రాంతి.

మొదటిసారైతే నా ఓటు థిక్సేకే. లేహ్ నుంచి 19 కిలోమీటర్లే. ఉదయం ప్రార్థన కోసం చీకటితోనే బయల్దేరాలి. మెట్లెక్కుతుంటే ఆయాసం వస్తుంది, అరగంట అదనంగా ఉంచుకోండి. లోపల గోడవారగా కూర్చోవాలి, కాళ్లు విగ్రహాల వైపు చాపకూడదు. రాబోయే బుద్ధుడైన మైత్రేయుడి సుమారు 15 మీటర్ల విగ్రహమున్న గుడిలో అడుగుపెడితే ఎదురుగా కనిపించేది పాదాలు కాదు, ముఖం! ప్రవేశం పై అంతస్తులో ఉంది మరి.

హెమిస్ లేహ్ నుంచి దాదాపు 45 కిలోమీటర్లు. అక్కడి పండగలో రెండు రోజుల ముసుగు నాట్యాలు, టిబెట్‌లో బౌద్ధాన్ని వ్యాప్తి చేసిన గురువు పద్మసంభవుడి పేర, జూన్-జులైలో. టిబెటన్ పంచాంగం వల్ల తేదీ ఏటా మారుతుంది. అది చూశాకే విమానం టికెట్లు కొనండి. బాకాల హోరులో గైడ్ మాట వినబడదు, ఏ ముసుగు ఎవరిదో ముందురోజే చెప్పించుకోండి.