బోర్డు మీద ఒక టైము, కాలాన్ని బట్టి ఇంకో టైము: మా పశువుల ఆసుపత్రి సంగతి

గోదావరి డెల్టాలో, మండల కేంద్రానికి కాస్త ఎడంగా ఉన్న ఒక చిన్న ప్రభుత్వ పశువుల ఆసుపత్రి గురించి రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను. మెచ్చుకోవాల్సినవాటితో పాటు కంప్లైంట్లూ ఉన్నాయి. పనిచేసేది ముగ్గురే, ఊరు చెబితే ఫలానా ఆయన అని ఇట్టే తెలిసిపోతుంది. మా ఇంట్లో పాడి అంటే ముర్రా గేదెలు, ఒక జెర్సీ సంకర ఆవు. కాపలాకి ఒక కుక్క. పదేళ్లకు పైగా వీటన్నిటి మంచీ చెడూ చూస్తున్నది ఈ ఆసుపత్రే.

వైద్యానికి వంక పెట్టను. చిక్కంతా టైముల దగ్గరే. గేటు పక్కన గోడ మీద పెయింటుతో రాసిన వేళలు జనవరిలో ఎంతో జులైలోనూ అంతే. పొద్దున పూట కొన్ని గంటలు, మళ్లీ సాయంత్రం కాసేపు, ఆదివారం ఒక్క పూట. లోపల మనుషులు మాత్రం కార్తెల్ని బట్టి మారిపోతుంటారు. ఆ లెక్క ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ చెప్పరు. ఏళ్ల తరబడి వెళ్లగా వెళ్లగా పట్టుబడుతుంది. కొత్తగా పాడి పెట్టినవాళ్లు రెండుసార్లు తాళం చూసి, ‘ఇక్కడ ఎవడూ ఉండడండీ’ అని తేల్చేసి, ప్రైవేటు మందుల షాపు వాడిని పట్టుకుంటారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఎవరెవరు ఉంటారో చెప్పాలి. ఒక డాక్టరు గారు. ఒక కాంపౌండరు గారు, కాగితాల మీద ఆయన హోదా వేరే ఏదో ఉంది కానీ మాకు ఆయన కాంపౌండరే. ఒక అటెండరు. బయట ఊళ్లు తిరుగుతూ ఎద సూదులు, అంటే కృత్రిమంగా చూడి కట్టించే సూదులు, వేసే గోపాలమిత్ర ఒకరు. 2020లో రైతు భరోసా కేంద్రాలు పెట్టాక, ఇప్పుడు వాటినే రైతు సేవా కేంద్రాలు అంటున్నారు, పక్క ఊరి కేంద్రంలో పశుసంవర్ధక సహాయకురాలు ఒకమ్మాయి వచ్చింది. కాగితం మీద చూస్తే చాలినంత మందే.

గేదెల సంగతి తెలిసినవాళ్లకి అసలు సమస్య ఎక్కడుందో వెంటనే అర్థమవుతుంది. గేదె ఆవులా ఏడాది పొడవునా సమానంగా ఎదకు రాదు. వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల నుంచి సంక్రాంతి దాటేదాకా ఎక్కువగా వస్తుంది. చూడి కట్టాక పది నెలల పది రోజులు మోస్తుంది. అంటే చలికాలంలో కట్టినవి మళ్లీ వానలు ముదిరాక, శ్రావణం నుంచి కార్తీకం లోపు ఈనతాయి. ఈనేవీ, ఎదకొచ్చేవీ దాదాపు ఒకే నెలల్లో వచ్చి పడతాయన్నమాట. ఆసుపత్రిలో మనిషి అవసరం అన్నిటికన్నా ఎక్కువ ఉండేది సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా అప్పుడే గాలికుంటు టీకాల విడత మొదలవుతుంది.

ఈ టీకాలు కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద ఆరు నెలలకోసారి ఇంటింటికీ తిరిగి వేస్తారు. మా వైపు ఒక విడత సెప్టెంబరు ప్రాంతంలో, ఇంకోటి ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. పశువుని మేతకి తోలకముందే పట్టుకోవాలి. మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి కాబట్టి ఐస్ పెట్టెలో పెట్టుకుని ఎండ ఎక్కకముందే పని ముగించాలి. కాంపౌండరు, సహాయకురాలు, గోపాలమిత్ర ముగ్గురూ తెల్లారకముందే ఏదో ఒక ఊళ్లో ఉంటారు. చెవి పోగు మీద 12 అంకెల నంబరు చూసి ఫోన్లో ఎక్కించడానికే సగం టైము పోతుంది. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తే అటెండరొక్కడే ఉంటాడు. అతను చెప్పేది ఒకే మాట: ‘పదకొండింటికి రండి బాబాయ్.’

పదకొండు అనేది ఎద సూదికి పనికిరాని టైము. పొద్దున ఎద లక్షణాలు కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సూది వేయించాలన్నది పాడి రైతు ఎవరికైనా తెలిసిన లెక్క. గేదె ఎద మరీ గుట్టుగా ఉంటుంది, చాలావరకు రాత్రిపూటే బయటపడుతుంది. తీగ వేయడం, అంటే వెనక నుంచి జిగురు తీగలా కారడం, తెల్లవారుజామున చూస్తే ఆ సాయంత్రం మనకి మనిషి కావాలి. ఒక ఎద తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. చలికాలం చివర్లో తప్పితే ఇక ఎండాకాలంలో అది ఎదకొచ్చిందో లేదో కూడా తెలియదు, ఏడాది వెనక్కి పోయినట్టే. ఆ మేత ఖర్చు, రాని పాలు అన్నీ రైతు నెత్తి మీదే.

అయితే టీకాల నెలలో సాయంత్రాలు బాగుంటాయి. ఇది నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. పొద్దున ఊళ్లు తిరిగినవాళ్లందరూ సాయంత్రానికి ఆసుపత్రికే చేరతారు, రిజిస్టర్లు రాసుకోవాలి కదా. మామూలు రోజుల్లో నాలుగైదు కాగానే తాళం పడే చోట ఆ నెలలో దీపాలు పెట్టేదాకా మనుషులుంటారు. సెప్టెంబరు, మార్చి నెలల్లో సూదికైనా చూడి పరీక్షకైనా సాయంత్రమే తోలుకెళ్లండి. గోడ మీద రాసిన పొద్దుటి టైము నమ్ముకోకండి.

ఈనికల కాలంలో డాక్టరు గారి గురించి ఒక్కటి చెప్పాలి. మా జెర్సీ ఆవు ఈనిన మూడో రోజు, అక్టోబరు వానలో, పొద్దుగూకాక పడిపోయింది. లేవలేదు. మెడ డొక్క వైపు తిప్పి పెట్టుకుంది, చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పాలజ్వరం. ఆసుపత్రి మూసేసి చాలాసేపయింది. ఫోన్ చేస్తే టీకాల పని ముగించుకుని ఇంటి దారి పట్టిన మనిషి బండి వెనక్కి తిప్పుకుని వచ్చారు. కాల్షియం సీసాని ముందు వేడినీళ్ల బకెట్లో పెట్టించారు. మెడ నరానికి సూది గుచ్చి, సీసా మా అబ్బాయి చేతికిచ్చి, ఇంతకన్నా ఎత్తు లేపొద్దని కొలత చూపించారు. తను మాత్రం స్టెతస్కోపు ఎడమ ముందు కాలి వెనక ఆనించి కూర్చున్నారు. గుండె చప్పుడు తడబడినట్టు అనిపించినప్పుడల్లా గొట్టం రెండు వేళ్లతో నొక్కి ఆపడం, మళ్లీ వదలడం. కాల్షియం గబగబా ఎక్కిస్తే ఆవు అక్కడికక్కడే పోతుంది. షాపుల దగ్గర సీసా కొనుక్కుని తమంతట తాము ఎక్కించేసేవాళ్లకి ఈ ఓపిక ఉండదు. సీసా సగం దాటాక ఆవు ఒళ్లు సన్నగా వణికింది, త్రేన్చింది, పేడ వేసింది. ఇంకాసేపటికి లేచి నిలబడింది. రెండు రోజులు పాలు పూర్తిగా పిండొద్దని, పొదుగులో కొంచెం వదిలేయమని చెప్పి వెళ్లారు. పెట్రోలుకి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఇది ఏ వేళల బోర్డులోనూ లేని పని.

కాబట్టి మనుషుల మీద నాకు కోపం లేదు. ఉన్న ముగ్గురినీ ఒకే నెలలో నాలుగు చోట్లకి పంపే ఏర్పాటు మీదే.

దానికి తోడు ఏదో ఒకటి మీద పడుతూనే ఉంటుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా డాక్టరు గారిని లంక ఊళ్ల పశువుల శిబిరాలకి వేశారు. అది సబబే, అక్కడ గడ్డి కూడా లేదు. 2024 అక్టోబరులో 21వ పశుగణన మొదలైంది, గేదెల ఎదలు ముమ్మరంగా ఉన్న రోజులు, సహాయకురాలు ఇళ్ల చుట్టూ లెక్కలకి తిరిగింది. అది ముగింపుకొచ్చేలోపే 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ. కోళ్ల ఫారాల డ్యూటీలకి వెళ్లినవాళ్లు ఎప్పుడొస్తారో అటెండరుకే తెలియదు. ఆ చలికాలం మా ఊళ్లో చాలా గేదెలు చూడి కట్టకుండానే మిగిలిపోయాయి.

ఎండాకాలం గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. కాలువలు కట్టేశాక గేదెలకి పొర్లడానికి నీళ్లుండవు, ఎదలు పైకి కనబడవు, సూదుల పని తగ్గిపోతుంది. డాక్టరు గారు పొద్దున్నే వచ్చేస్తారు, పదిలోపు వెళ్తే చాలు. మధ్యాహ్నం ఎవరూ ఉండరు, మనమూ పశువుని ఆ ఎండలో నడిపించకూడదు. మృగశిర కార్తె దగ్గరపడేలోపు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించేయాలి. వానలు పడ్డాక గొంతువాపు తగిలితే పొద్దున గురక మొదలైన పశువు మర్నాటికి ఉండకపోవచ్చు. ఈ టీకాలకి మాత్రం వాళ్లే ఇంటికొస్తారు, తప్పించుకోకండి. మా వీధిలో ఇప్పటికీ పాలు తగ్గుతాయని గేదెని దొడ్డి వెనక దాచేవాళ్లున్నారు. రెండు మూడు రోజులు కాస్త తగ్గితే తగ్గుతాయి. అంతే.

ఎండాకాలంలో అసలు టెన్షన్ బదిలీలది. అవి జరిగిన ఏడాది పిల్లల సెలవుల్లోనే డాక్టరు మారతారు. కొత్తవాళ్లు వెంటనే చేరితే అదృష్టం. ఒకసారి చేరలేదు, పక్క మండలం డాక్టరుని ఇన్‌చార్జిగా వేశారు. ఆయన వారంలో ఏ రోజులు వస్తారో గోడ మీద ఒక చీటీ అంటించి ఉంటే సరిపోయేది. అదీ లేదు. చూడి గేదెకి మెయ్య దిగితే, అంటే లోపలి భాగం వెనక నుంచి బయటికొస్తే, తోలుకెళ్లాను, డాక్టరు లేరు, కాంపౌండరు గారే చేయగలిగింది చేసి పంపించారు. అది ఈ ఆసుపత్రిలో నాకు నచ్చని రోజు. ఇప్పుడున్న డాక్టరు గారు వచ్చాక ఫోన్ నంబరు అందరికీ ఇచ్చారు, వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు. కానీ గ్రూపులో టీకాల ఫొటోలు వస్తాయి తప్ప ‘రేపు పొద్దున ఉండం’ అన్న మెసేజ్ రాదు. ఫొటోలు పైవాళ్లు అడుగుతారు, రెండోది ఎవరూ అడగరు.

మందుల సంగతి కూడా కాలాన్ని బట్టే. స్టాకు వచ్చిన కొత్తలో వెళ్తే నట్టల మందు, పిడుదుల మందు అన్నీ అక్కడే ఇస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బీరువా దాదాపు ఖాళీ, చీటీ రాసి బయట కొనుక్కోమంటారు. వానలు వెనకపట్టాక పిడుదులు విపరీతంగా పడతాయి, సంకర ఆవులకి వాటివల్ల వచ్చే జ్వరాలు మహా చెడ్డవి. మూత్రం ఎర్రగా కనబడితే సాయంత్రం దాకా ఆగొద్దు. నేనైతే పిడుదుల మందు ముందే అడిగి తెచ్చి పెట్టుకుంటాను.

పండుగల గురించి ఒక్క ముక్క. సంక్రాంతి మూడు రోజులూ ఆసుపత్రి ఉండదనే అనుకోండి. కనుమ మర్నాడు మాత్రం జాతరే. మిగిలిన అన్నం, పిండివంటలు కుడితి తొట్లో పోసేస్తారు, పశువులు కడుపు పట్టేసి నిలబడిపోతాయి. అన్నం ఎక్కువ తిన్న గేదె నెమరు మానేస్తే అది పొంగు తగ్గేదాకా చూద్దామనే వ్యవహారం కాదు, ఆమ్లం పట్టి చచ్చిపోతుంది. అదే వరసలో గుడ్డలో చుట్టిన కోడిపుంజులతో కొందరు మీసాలవాళ్లు కూడా నిలబడి ఉంటారు. గాయం ఎలా అయిందని డాక్టరు గారు అడగరు, వాళ్లూ చెప్పరు.

కుక్కలున్నవాళ్లకి జులై 6 గుర్తుంచుకోవడం మంచిది. ఆ రోజు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. జనం బాగా ఉంటారు, కుక్కలు ఒకదానిమీద ఒకటి పడతాయి, గొలుసు గట్టిది తీసుకెళ్లండి. మిగతా రోజుల్లో కుక్కల కేసు వస్తే కాంపౌండరు గారు కొంచెం మొహం తిప్పుకుంటారు, ఆయన లోకమంతా పాడి పశువులే. కుక్కపిల్లకి రక్తవిరేచనాలు పట్టుకుంటే నేను నేరుగా టౌన్లో ప్రైవేటు క్లినిక్‌కే వెళ్తాను. ఇక్కడ సెలైన్లు ఎక్కిస్తూ రాత్రంతా పెట్టుకునే ఏర్పాటు లేదు.

రాత్రిపూట ఏమిటి అని అడిగేవాళ్లకి: 1962 నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు బండి మా నియోజకవర్గంలో 2022 నుంచి తిరుగుతోంది. పగలు పిలిస్తే ఇంటికే వస్తుంది, డాక్టరు ఉంటారు, పడిపోయిన పశువుని ఎక్కించడానికి లిఫ్టు కూడా ఉంది. ఈనికల కాలంలో మాత్రం కాల్స్ వరసలో ఉంటాయి, మధ్యాహ్నం దాటిపోవచ్చు. రాత్రికి మాకున్నది డాక్టరు గారి సొంత ఫోనే. అది ఆయన మంచితనం, దాన్ని లెక్కలో వేసుకుని పాడి పెంచకూడదు. ఈనే గేదె ఉంటే రాత్రి ఎవరొస్తారో ముందే గోపాలమిత్రతో మాట్లాడి పెట్టుకోండి. సూదికి ఇంటికొస్తే డబ్బు తీసుకుంటాడు. సెప్టెంబరులో సాయంత్రం ఏడింటికి కూడా వస్తాడు కాబట్టి అది నాకు ఖరీదనిపించలేదు.

నాకు ఇక్కడ పది మంది స్టాఫు అక్కర్లేదు. గేటుకి ఒక నల్లబల్ల, దాని మీద రేపు ఏ ఊరు టీకాలకి వెళ్తున్నారో, ఆసుపత్రిలో ఎవరు ఎప్పుడు ఉంటారో సుద్దముక్కతో రెండు లైన్లు చాలు. డాక్టరు గారికి ఈ మాట పోయిన చలికాలంలో చెప్పాను. బాగుందన్నారు. బల్ల అయితే వచ్చింది, గాలికుంటు టీకా ఉపయోగాల పోస్టరు అంటించారు దాని మీద.