టీవీ కింద చిన్న పీసీ: రెండేళ్ళకు పైగా వాడాక నా మాట

2023 దసరా సెలవుల్లో మా హాల్లో టీవీ కింద ఒక మినీ పీసీ పెట్టాను. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, అన్నీ కలిపి 17 వేల చిల్లర అయింది. దానికి పక్కన 4 టీబీ హార్డ్ డిస్క్. రాజమండ్రిలో మా ఇంట్లో అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను, పండక్కి వచ్చే అక్కావాళ్ళు. ఇంతమంది రోజూ ముట్టుకునే వస్తువు గురించి వారం రోజులు వాడి రాస్తే ఎవరికీ ఉపయోగం ఉండదని ఇన్నాళ్ళు ఆగాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. కొనేముందు ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్ అని రెండు నెలలు టెన్షన్ పడ్డాను, ఆ టెన్షన్ ఒక్క రోజు కూడా పనికి రాలేదు. 4కే వీడియో అయినా, కొత్త ఏవీ1 ఫార్మాట్ అయినా ఎన్100లో ఉన్న గ్రాఫిక్స్ తడుముకోకుండా ఆడిస్తుంది. ఓపిక, డబ్బు పెట్టాల్సింది రిమోట్ మీద, డిస్క్ మీద, ఆ డిస్క్‌కి కరెంటు పోకుండా చూసుకోవడం మీద. ఈ మూడూ నాకు ఆలస్యంగా అర్థమయ్యాయి.

స్మార్ట్ టీవీ ఉండగా ఇదెందుకు అని మా బావగారు కూడా అడిగారు. ఓటీటీ సినిమాల కోసమే అయితే నిజంగా అక్కర్లేదు. ఇలాంటి పీసీలో బ్రౌజర్ తెరిచి చూస్తే చాలా ఓటీటీలు కాపీ రక్షణ పేరుతో క్వాలిటీ తగ్గించి ఇస్తాయి, అదే సినిమా టీవీలో ఉన్న యాప్‌లో శుభ్రంగా వస్తుంది. అందుకే ఓటీటీలు టీవీకే వదిలేశాం. మా పీసీ పని మా ఇంటి సరుకు చూపించడం: నాన్న కొన్న వీసీడీలు, పిల్లల పుట్టినరోజుల హ్యాండీక్యామ్ టేపులు, ఫోన్లలో పేరుకుపోయిన వీడియోలు, స్కాన్ చేసిన ఆల్బమ్‌లు, అక్క పెళ్ళి క్యాసెట్. ఇవన్నీ ఏ యాప్‌లోనూ దొరకవు కదా.

మొదటి నెల మామూలు డెస్క్‌టాప్ ఓఎస్‌తోనే నడిపాను. సినిమా మధ్యలో అప్‌డేట్ మెసేజ్ వచ్చేది, దాన్ని మూయడానికి మౌస్ కోసం సోఫా కింద వెతకాల్సి వచ్చేది, అమ్మ అయితే అసలు దగ్గరికే రాలేదు. అప్పుడు దాని బదులు లిబ్రెఎలెక్ అనే, టీవీ కోసమే చేసిన చిన్న ఓఎస్ వేశాను. ఉచితం, పెన్‌డ్రైవ్ నుంచి పది నిమిషాల్లో ఎక్కుతుంది, ఆన్ చేస్తే నేరుగా కోడి (Kodi) అనే వీడియో ప్లేయర్ తెరుచుకుంటుంది, వేరే ఏమీ కనపడదు. కోడి అంటే పాత ఎక్స్‌బీఎంసీనే, 2014లో పేరు మారింది. అది ఖాళీ ప్లేయర్, మన దగ్గర ఉన్నది ఆడిస్తుంది, అంతే. సినిమాలన్నీ నింపి ఇస్తాం అని ఎవరైనా బాక్స్ అమ్మితే దయచేసి కొనకండి, అది దొంగ సరుకు.

ఇక రిమోట్. ఎయిర్ మౌస్ ఒకటి కొన్నాను, గాల్లో ఊపితే స్క్రీన్ మీద బాణం కదులుతుంది. నాలుగుసార్లు నొక్కితే ఒకసారి పనిచేసేది. బ్యాటరీలు మార్చాను, ఇంకో రిమోట్ తెప్పించాను, అదీ అంతే. కారణం తెలియడానికి మూడు వారాలు పట్టింది. డిస్క్ కేబుల్ పెట్టిన నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు పక్కనే రిమోట్ డాంగిల్, అంటే రిమోట్ సిగ్నల్ అందుకునే చిన్న ముక్క, ఉంది. యూఎస్‌బీ 3లో డేటా పరిగెత్తేటప్పుడు వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది, ఈ రిమోట్లు మాట్లాడేది కూడా అక్కడే. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ని ఒక జానెడు దూరం లాగి టీవీ ముందుకు తెచ్చాను, ఆ సాయంత్రం నుంచి ఒక్క నొక్కు కూడా తప్పలేదు. మీకూ ఇలా అవుతుంటే రిమోట్‌ని తిట్టుకునే ముందు ఇది చూడండి.

అయినా అమ్మకి ఎయిర్ మౌస్ నచ్చలేదు. తర్వాత ఫ్లిర్క్ అనే చిన్న ఐఆర్ రిసీవర్ పెట్టాను, ఐఆర్ అంటే మామూలు టీవీ రిమోట్లు వాడే కంటికి కనపడని కాంతి. ఇంట్లో ఉన్న ఏ ఐఆర్ రిమోట్ బటన్ నొక్కినా అది నేర్చుకుంటుంది. పక్కన పడేసిన పాత కేబుల్ బాక్స్ రిమోట్‌లో ఏడు బటన్లు నేర్పాను: నాలుగు బాణాలు, ఓకే, వెనక్కి, ఆపు. అమ్మకి ఆ రిమోట్ పదేళ్ళుగా అలవాటు, బటన్ల మీద అంకెలు అరిగిపోయినా వేలికి తెలుసు. ఓకే బటన్ మీద తనే ఒక స్టిక్కర్ బొట్టు అంటించుకుంది, చీకట్లో తడిమినా తగులుతుందట. ఈ మొత్తం సెటప్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఆ బొట్టే.

రెండు సెట్టింగులు తప్పకుండా మార్చండి. ఎక్కువ సినిమాలు సెకనుకు 24 ఫ్రేములు, టీవీ మామూలుగా 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తుంది. ఈ లెక్క సరిగ్గా కుదరక కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్లలో బొమ్మ కుదుపుతుంది. కోడిలో డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్‌ని వీడియోకి తగ్గట్టు మార్చే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేస్తే కుదుపు పోతుంది. దానివల్ల సినిమా మొదలయ్యే ముందు రెండు సెకన్లు స్క్రీన్ నల్లబడుతుంది, మొదటి రోజు అమ్మ "కరెంటు పోయిందేంట్రా నాన్నా" అని లేచింది కూడా. రెండోది శబ్దం. పాటలు హోరెత్తుతాయి, మాటలు వినపడవు, రాత్రిపూట రిమోట్ చేతిలోంచి దించలేం. 5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక బాస్ స్పీకర్ కోసం చేసిన శబ్దం, అందులో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళ్తాయి, మనకి ఉన్నవి రెండే స్పీకర్లు అయితే అవి నలుగుతాయి. ఆడియో సెట్టింగుల్లో సెంటర్ మిక్స్ లెవెల్ పెంచాక మాటలు పైకి వచ్చాయి. పెద్ద వయసువాళ్ళున్న ఇంట్లో ఇది చాలా అవసరం.

కరెంటు ఖర్చు భయపడేది కాదు. ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే ఊరకే ఉన్నప్పుడూ, వీడియో ఆడేటప్పుడూ కలిపి సగటున 10 వాట్ల దగ్గర ఉంటోంది, అంటే రోజంతా ఆన్‌లో ఉంచినా నెలకి 7 యూనిట్లు. అంతకుముందు వాడిన పాత డెస్క్‌టాప్ 80 వాట్లు లాగేది, అలాగే వదిలేస్తే నెలకి 57 యూనిట్లు.

నష్టం జరిగింది డిస్క్ దగ్గర. 2024 ఎండాకాలంలో పిల్లల వీడియోలు కాపీ అవుతుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక రెండు ఫోల్డర్లు తెరుచుకోలేదు. డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంది, అందులో జర్నల్, అంటే చేయబోయే మార్పుల్ని ముందే రాసుకునే చిట్టా, లేదు, రాస్తుండగా మధ్యలో ఆగితే అంతకుముందు స్థితి గుర్తుపెట్టుకోదు. కొన్ని ఫైళ్ళు ల్యాప్‌టాప్‌లో ఇంకా ఉండబట్టి బతికిపోయాం, మా చిన్నదాని మొదటి అన్నం ముద్ద వీడియో మాత్రం పోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఆ వారమే డిస్క్‌ని జర్నల్ ఉన్న ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌కి మార్చాను, 600 వీఏ యూపీఎస్ ఒకటి కొని టీవీని దానికి కలపకుండా పీసీ, డిస్క్, వైఫై రూటర్ మాత్రమే కలిపాను. ఇంకో 4 టీబీ డిస్క్ కొని మొత్తం కాపీ చేసి కాకినాడలో అక్కావాళ్ళింట్లో పెట్టాను. పండక్కి వచ్చినప్పుడు తెస్తుంది, కొత్తవి ఎక్కించి పంపిస్తాను.

అక్క పెళ్ళి క్యాసెట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1996లో తీసిన వీహెచ్‌ఎస్, రెండు క్యాసెట్లు. ఎప్పుడో షాపులో డీవీడీ చేయించాం, అది గీతలు పడి మధ్యలో ఆగిపోయేది. బంధువుల ఇంట్లో పనిచేసే వీసీఆర్ ఒకటి దొరికితే తెచ్చి, యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో మొదటి క్యాసెట్ నేనే ఎక్కించాను. ఇది మూడు గంటల క్యాసెట్ అయితే మూడు గంటలూ కూర్చోవాల్సిన పని, వేగంగా చేసే దారి లేదు. మన దేశంలో వాడిన పాల్ (PAL) పద్ధతి వీడియో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు సగాలు అల్లుకుని ఉంటాయి, అలాగే ఆడిస్తే కదిలే మనుషుల అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తాయి. రెండు సగాల్నీ విడదీసి సెకనుకు 50 ఫ్రేములుగా చేస్తే, పాత వీడియో అయినా కదలిక నున్నగా, ఎదురుగా జరుగుతున్నట్టు ఉంటుంది.

కోడిలో వేయగానే అది ఫోల్డర్ పేరు చూసి ఏదో సినిమా అనుకుని ఎవరిదో పోస్టర్ తగిలించింది. ఇంటి వీడియోల ఫోల్డర్‌కి సమాచారం వెతకొద్దని సెట్ చేయాలి, కంటెంట్ దగ్గర నన్ అని పెడితే చాలు. పైగా తెలుగులో పెట్టిన పేర్లు నా దగ్గర డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి. అందుకే ఫైళ్ళకి ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టి, ప్రతి ఫోల్డర్‌లో ఒక బొమ్మ ఉంచాను. పెళ్ళి ఫోల్డర్‌కి ఆ పెళ్ళి శుభలేఖనే స్కాన్ చేసి పెట్టాను, నాలుగు మూలలా పసుపు మరకలతో సహా. అమ్మకి చదవాల్సిన పని లేదు, శుభలేఖ కనపడితే బొట్టు బటన్ నొక్కుతుంది.

పోయిన సంక్రాంతికి అందరం కూర్చుని చూశాం. కన్యాదానం దగ్గర నాన్న తల వంచి కాళ్ళు కడుగుతుంటే, అమ్మ ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసింది. నాన్న పోయి తొమ్మిదేళ్ళు, మా పిల్లలు ఆయన నడవడం చూసింది ఇందులోనే. మా పెద్దవాడు "తాతయ్య నీలాగే భుజం ఎగరేస్తాడు నాన్నా" అన్నాడు, ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

రెండో క్యాసెట్‌లో అప్పగింతలు ఉన్నాయి. టేపు అంచున తెల్లటి బూజు పట్టింది, అలాగే పెడితే వీసీఆర్ హెడ్ పాడవుతుందని ఆపాను. బూజు శుభ్రం చేసి ఎక్కించేవాళ్ళు మా వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి, క్యాసెట్ నేనే చేత్తో పట్టుకుని తెస్తాను, కొరియర్‌లో మాత్రం పంపను.