పాతాళభైరవి, మాయాబజార్: పిల్లలతో ముందు ఏది చూడాలి?

రెండూ విజయా సంస్థ వారి సినిమాలే, రెండింటికీ దర్శకుడు కె.వి.రెడ్డి, కెమెరా మార్కస్ బార్‌ట్లీ. 1951 నాటి ‘పాతాళభైరవి’ సాహసగాథ. కథానాయకుడు తోటరాముడితో పాటు కథా పరుగెడుతుంది. కాకపోతే ఎస్.వి.రంగారావు వేసిన నేపాళ మాంత్రికుణ్ని చూసి మరీ చిన్నవాళ్లు జడుసుకోవచ్చు.

1957లో వచ్చిన ‘మాయాబజార్’లో భయం తక్కువ, కొంటెతనం ఎక్కువ. అదే రంగారావు ఇక్కడ ఘటోత్కచుడు. లడ్డూలు వాటంతట అవే ఆయన నోట్లోకి ఎగిరిపోతుంటే పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఇక మాయా శశిరేఖగా, అంటే శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా, సావిత్రి పెళ్లిపీటల మీద పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడి కాలు తొక్కే తీరు చూడండి: ముఖంలో సిగ్గు, పాదంలో రాక్షసబలం. ఆ ఒక్క దృశ్యానికే నా ఓటు దీనికి.

అన్నట్టు, ఇందులో పాండవులు ఒక్కసారీ కనిపించరు. సినిమా అయ్యాక ఆ సంగతి పిల్లలను అడిగి చూడండి.