ధర్మసాగర్‌లో మా బోరుకు చేయించిన హైడ్రో ఫ్రాక్చరింగ్

ధర్మసాగర్ దగ్గర మా పొలంలో ఎండిపోవచ్చిన 280 అడుగుల బోరుకు ఈ వేసవిలో హైడ్రో ఫ్రాక్చరింగ్ (నీటి ఒత్తిడితో లోపలి రాతి సందులను తెరిచే పని) చేయించాను. నమ్మకం కుదిరి కాదు, కొత్త బోరు ఖర్చుకు జంకి ఒప్పుకున్నాను.

మోటారు, పైపులు బయటికి తీసి, కేసింగ్ దిగువన గట్టి రాయి ఉన్నచోట బోరును బిరడాలా మూసే రబ్బరు ప్యాకర్‌ను బిగించి, దాని కిందికి ట్యాంకర్ నీటిని తీవ్రమైన ఒత్తిడితో ఎక్కించారు. మీటరు ముల్లు పైపైకి పోయి ఒక్కసారిగా పడిపోయినప్పుడు, రాతి సందులు విచ్చుకున్నాయని మేస్త్రీ చెప్పారు.

కెనడాలో గ్యాస్‌ఫ్రాక్ అనే కంపెనీ 2008 నుంచి చమురు, గ్యాస్ బావుల్లో ఇదే పనిని నీరు లేకుండా చేసింది. ప్రొపేన్‌ను జెల్‌లా చిక్కబరచి, ఇసుక కలిపి రాతిలోకి ఎక్కిస్తే, తర్వాత ఆ ప్రొపేన్ ఆవిరై బావిలోని గ్యాస్‌తోపాటే పైకి వచ్చేస్తుంది. ఇసుక మాత్రం లోపలే ఉండి పగుళ్లు మూసుకోకుండా ఆపుతుంది. మంటకు భయపడాల్సిన ఆ పద్ధతి మన నీటి బోర్లకు పనికిరాదు (వంటగ్యాస్ బండను బోరులో దింపినట్టే), కాని ఇసుక సంగతి ఆలోచించదగినది. మాకు ఉత్త నీళ్లే వాడారు. ఆ సందులు ఎన్నాళ్లు తెరిచి ఉంటాయన్న నా ప్రశ్నకు సూటిగా జవాబు రాలేదు.

రెండు లోతుల్లో చేస్తామని మాటిచ్చి ఒక్కచోటే చేశారు, ట్యాంకర్ డబ్బులు విడిగా అడిగారు, చివర కంప్రెసర్‌తో ఫ్లషింగ్ (గాలితో బురదను బయటికి తోయడం) చేయకుండానే వెళ్లిపోవడంతో రెండు రోజులు బురదనీరే వచ్చింది. అయితే పావుగంటకే ఆగే మోటారు ఇప్పుడు యాభై నిమిషాలు ఆగకుండా పోస్తోంది.