చిప్‌సెట్ ఫ్యాన్ మోతకు నాక్చువా 40 మి.మీ. ఫ్యాన్: కొనే ముందు చూసుకోవలసినవి

పాత మదర్‌బోర్డుల్లో చిప్‌సెట్ (డ్రైవ్‌లు, యూఎస్‌బీ లాంటివాటిని ప్రాసెసర్‌తో కలిపే చిప్పు) మీద బిగించి వచ్చే చిన్న ఫ్యాన్లు చాలావరకు స్లీవ్ బేరింగ్‌వే, అంటే ఇరుసు నూనె పూసిన గొట్టంలో తిరిగే రకం. లోపలి నూనె ఆరిపోయి దుమ్ము చేరిందంటే మొదట ఆన్ చేసినప్పుడు కాసేపు గరగరలాడుతుంది, తర్వాత రోజంతా అదే మోత, చివరికి ఆగిపోతుంది. అప్పుడు చిప్‌సెట్ కాగిపోయి సాటా డ్రైవ్‌లు, యూఎస్‌బీ ఉన్నట్టుండి డిస్‌కనెక్ట్ అవుతాయి. పాపం, హార్డ్ డిస్క్ పోయిందనుకుని దాన్ని మార్చేవాళ్లూ ఉంటారు.

ఆస్ట్రియా కంపెనీ నాక్చువా వారి ఎన్ఎఫ్-ఎ4ఎక్స్10 ఎఫ్ఎల్ఎక్స్ ఈ పనికి చక్కగా సరిపోతుంది. 40×40×10 మి.మీ. సైజు, 12 వోల్టులు, 3 పిన్నులు. కంపెనీ లెక్క ప్రకారం 4500 ఆర్‌పీఎం దగ్గర 17.9 డెసిబెల్స్, పెట్టెలో వచ్చే లో-నాయిస్ అడాప్టర్ (వేగం తగ్గించే చిన్న వైరు) పెడితే 3700 దగ్గర 12.9. వారంటీ 6 ఏళ్లు. ఇదే పేరుతో 5 వోల్టుల మోడల్ కూడా అమ్ముతారు, పెట్టె మీద చూసి మరీ తీసుకోండి. స్క్రూ రంధ్రాల మధ్య దూరం 32 మి.మీ. ఉండాలి. గ్రాఫిక్స్ కార్డు కింద 10 మి.మీ. మందానికి చోటుందో లేదో కూడా ముందే కొలవండి.

ఎక్కువమంది తప్పు చేసేది వైర్ల దగ్గరే. పాత ఫ్యాన్ కనెక్టర్ వేరే రకమైతే వైర్లు కత్తిరించి కలపాలి. మామూలు ఫ్యాన్లలో ఎరుపు వైరు 12 వోల్టులు, పసుపు వైరు వేగం చెప్పేది. నాక్చువాలో పసుపే 12 వోల్టులు, ఆకుపచ్చ వేగానిది. రంగుకు రంగు కలిపితే ఫ్యాన్ తిరగదు. పిన్ను వరుస చూసి కలపండి. తర్వాత బయోస్‌లో (సిస్టం ఆన్ చేయగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగులు) ఆ హెడర్‌ను, అంటే ఫ్యాన్ గుచ్చిన పిన్నులను, వోల్టేజీతో వేగం మార్చే డీసీ మోడ్‌కు మార్చండి, నాలుగో పిన్నుతో వేగం మార్చే పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంచితే 3 పిన్నుల ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడులోనే తిరుగుతుంది.

ఫ్యాన్ ఒక్కటే మార్చి వదిలేస్తే సగం పనే అయినట్టు. హీట్‌సింక్ (చిప్పు వేడిని లాగే లోహపు దిమ్మ) కింద వేడిని దానికి చేర్చే పేస్ట్ ఎండి రాయిలా అయి ఉంటుంది. పది నిమిషాలు సిస్టం నడిపి, ఆపేసి, ప్లగ్ తీసి, ఆ వెచ్చదనం ఉండగానే బోర్డు వెనక పుష్ పిన్నుల కొసలు ముక్కు పట్టకారుతో నొక్కి విడిపించండి. హీట్‌సింక్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. ఒకవైపు నుంచి పైకి లేపితే చిప్పు అంచు పగలొచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బియ్యపు గింజంత పేస్ట్ చాలు. పేస్ట్ బదులు థర్మల్ ప్యాడ్ ఉంటే అదే మందం ప్యాడే వేయాలి, ఆ సందును పేస్ట్ పూడ్చలేదు.

లో-నాయిస్ అడాప్టర్ మొదట్లోనే తగిలించకండి. ముందు ఫుల్ స్పీడులో, తర్వాత అడాప్టర్‌తో అరగంట చొప్పున నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చిప్‌సెట్ వేడి పోల్చి చూడండి. మన మే నెల ఎండల్లో అడాప్టర్ తీసేయడమే మంచిది.

2019లో వచ్చిన ఏఎండీ ఎక్స్570 బోర్డులున్నవాళ్లు దీన్ని కొనడానికి తొందరపడొద్దు. చాలా బోర్డుల్లో ఫ్యాన్ కవరు లోపల వేరే ఆకారంలో ఉంటుంది, ఇది అందులో పట్టదు. ముందు బయోస్‌లో చిప్‌సెట్ ఫ్యాన్‌కు సైలెంట్ ప్రొఫైల్ పెట్టండి. చిప్‌సెట్‌కు కలిసిన ఎం.2 స్లాట్‌లో (ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డుకు గుచ్చే చోటు) ఎస్ఎస్‌డీ ఉంటే ప్రాసెసర్ పక్కనున్న పై స్లాట్‌కు మార్చండి. చిప్‌సెట్ మీద భారం తగ్గి ఫ్యాన్ వేగమూ దిగుతుంది.