సోరియాసిస్‌లో టి కణాలు: నాళం గోడ మీద పట్టు విడిపించడమా, పిలుపు ఆపడమా? ఏది మేలు?

సోరియాసిస్ మచ్చ మీద పొలుసు గీకితే చుక్కచుక్కగా నెత్తురు పొడుస్తుంది. చర్మం పైపొరకు ఆనుకుని ఉన్న సన్నని నాళాలు ఉబ్బి, మెలికలు తిరిగి ఉండడమే కారణం. ఆ నాళాల గోడ పట్టు దొరికిన టి కణాలే (రోగనిరోధక తెల్లకణాల్లో ఒక రకం) చర్మంలోకి దిగుతాయి. ఆ పట్టునే విడిపిస్తే జబ్బు ఆగుతుంది కదా అనేది ఒక దారి. గోడను జిగటగా మార్చే సంకేతాలను, అంటే కణాలకు అందే పిలుపును, ఆపడం రెండో దారి.

పట్టు ఒక్కసారిగా కుదరదు. రక్తం తోసుకుపోతుండగా టి కణం మీది సీఎల్‌ఏ అనే అణువు, గోడ మీది ఇ-సెలెక్టిన్ అనే అంటుకునే ప్రొటీన్‌ను అంటుతూ వదులుతూ ఉంటుంది; కణం దొర్లుతూ నెమ్మదిస్తుంది. అప్పుడు గోడ మీది కీమోకైన్లు (కణాలను రప్పించే రసాయన సంకేతాలు) తగిలి, కణం మీది ఎల్‌ఎఫ్‌ఏ-1 అనే ప్రొటీన్ విచ్చుకుని, గోడ మీది ఐకామ్-1 అనే ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఆ తర్వాతే కణం చదునై, గోడ సందుల్లోంచి బయటపడుతుంది.

మొదటి మెట్టు మీద కొట్టిన దెబ్బ తగల్లేదు. ఇ-సెలెక్టిన్‌ను అడ్డుకునే యాంటీబాడీని రోగులకు ఇచ్చి చూస్తే మచ్చలు తగ్గలేదు. ఒక చెయ్యి కట్టేసినా పని ఆగలేదన్నమాట: దొర్లించడానికి పి-సెలెక్టిన్ అనే మరో ప్రొటీన్ కూడా ఉంది.

రెండో మెట్టు మీద ఎఫాలిజుమాబ్ అనే యాంటీబాడీ మందు పనిచేసింది. ఇది ఎల్‌ఎఫ్‌ఏ-1ను కప్పేస్తుంది. అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. తొలి డోసు కిలో బరువుకు 0.7 మిల్లీగ్రాములు, తర్వాత వారానికోసారి కిలోకు 1 మిల్లీగ్రాము, చర్మం కింద. వాడినవారి రక్తంలో లింఫోసైట్ల (టి కణాలు చేరిన తెల్లకణాల తెగ) సంఖ్య పెరిగేది. ఇన్ఫెక్షన్ అనుకునేరు, బయటికి దారి లేక నాళంలోనే తిరిగే కణాలవి. మందు ఆపగానే కొందరికి జబ్బు మునుపటికంటే ఎక్కువగా విరుచుకుపడేది. అంతకంటే పెద్ద చిక్కు, ఎల్‌ఎఫ్‌ఏ-1 చర్మానికి మాత్రమే చెందినది కాకపోవడం. మెదడును కాచే టి కణాలకూ అదే ఆధారం. జేసీ వైరస్ వల్ల పీఎంఎల్ అనే ప్రాణాంతక మెదడు జబ్బు కొందరిలో బయటపడడంతో 2009లో మందును ఉపసంహరించారు.

పైగా తలుపు మూసినా ఇంట్లో ముందే కాపురమున్నవాళ్లు పోరు. రోగి శరీరంలో మచ్చలేని చోటి చర్మాన్ని ఎలుకకు అతికిస్తే, ఆ ముక్కతో వచ్చిన టి కణాలే సోరియాసిస్ తెప్పించాయి.

పిలుపు ఆపడం ఇక్కడే గెలుస్తుంది. టీఎన్‌ఎఫ్ అనే వాపు సంకేతం తగిలిన గోడ మీద కొద్ది గంటల్లో ఇ-సెలెక్టిన్, రోజు తిరిగేసరికి దండిగా ఐకామ్-1 కనిపిస్తాయి. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే రెండు మెట్లూ ఒకేసారి బలహీనపడతాయి. ఐఎల్-17 అనే మరో సంకేతం చర్మకణాల చేత న్యూట్రోఫిల్స్‌ను (మరో రకం తెల్లకణాలు) రప్పించే కీమోకైన్లు విడుదల చేయిస్తుంది. చర్మంలో స్థిరపడ్డ కణాలు వదిలే ఐఎల్-17 కూడా దాన్ని అడ్డుకునే మందు సెకుకినుమాబ్‌కు చిక్కుతుంది. 300 మిల్లీగ్రాముల చొప్పున వారానికోటిగా అయిదు డోసులు, ఆపై నాలుగు వారాలకోసారి. పెద్ద ట్రయల్స్‌లో 12 వారాలకు దాదాపు 80 శాతం మందికి జబ్బు తీవ్రత కనీసం 75 శాతం తగ్గింది. ఎఫాలిజుమాబ్‌తో అంత మేలు అందుకున్నది నాలుగో వంతు నుంచి మూడో వంతు మంది వరకే.

కాబట్టి నా మొగ్గు పిలుపు ఆపడం వైపే. అదీ ఊరికే రాదు. టీఎన్‌ఎఫ్ మందులు నిద్రాణంగా ఉన్న టీబీని లేపగలవు. మన దగ్గర ఛాతీ ఎక్స్‌రే, మాంటూ (చర్మం మీద చేసే టీబీ పరీక్ష) లేదా ఇగ్రా (రక్తంతో చేసే టీబీ పరీక్ష) లేకుండా మొదలుపెట్టకూడదు. టీబీ భయం ఉన్నవారికి ఐఎల్-17ను లేదా ఐఎల్-23ని (ఇదీ అలాంటి సంకేతమే) అడ్డుకునే మందులే నయం. ఐఎల్-17 మందులతో నోట్లో కాండిడా అనే శిలీంధ్రపు పూత రావచ్చు, క్రోన్స్ అనే పేగు జబ్బు ఉన్నవారికి అది ముదరవచ్చు. పేగు జబ్బు ఉంటే ఐఎల్-23 వైపు వెళ్లాలి.