అద్దె లెక్క చూసి చెదల ఫ్లాట్ కొన్నాను, మీరు జాగ్రత్త

నిజాంపేటలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్. పాతదే, కానీ అద్దెకున్నవాళ్ళతో సహా అమ్ముతున్నారు. నెలకు 16 వేలు, రిజిస్ట్రేషన్ అయిన నెల నుంచే చేతికొస్తుందన్నారు. ఆ లెక్కలో పడి తలుపులూ గుమ్మాలూ చూడలేదు. కొత్త రంగు చూసి మురిసిపోయాను.

జూన్‌లో తొలకరి పడిన రాత్రి అద్దెకున్నావిడ ఫోన్ చేసింది. "సార్, ఇల్లంతా ఉసిళ్ళు. కిటికీలు మూసే ఉన్నాయి, బెడ్‌రూమ్ గుమ్మంలోంచి వస్తున్నాయి."

ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదలే. లైటుకు బయటి నుంచి వచ్చేవాటి సంగతి వేరు. గుమ్మంలోంచే వచ్చాయంటే చెదలు కొన్నేళ్ళుగా కాపురం ఉంటున్నట్టే. మర్నాడు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే జానెడు మేర అట్టముక్కలా లోపలికి దిగిపోయింది. సింక్ కింద గోడ మీద మట్టి చారలు. తొలిచిన చోటల్లా పుట్టీ పెట్టి పైన రంగేశారు. ఏడాదిగా ఆ మట్టిని చీపురుతో దులుపుతున్నానని ఆవిడే చెప్పింది. పాత ఓనరుకు చెబితే పెయింటర్‌ను పంపాడట! కొనేముందు నేను ఆవిణ్ణి అడిగింది ఒక్కటే, అద్దె ఏ తారీఖున వేస్తారని.

లాయర్ దగ్గరకు వెళ్ళాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపం తనకు తెలిస్తే అమ్మేవాడు చెప్పి తీరాలి. "గుమ్మం తట్టి చూడటం మామూలు జాగ్రత్తే కదా అంటారు అవతలివాళ్ళు" అన్నాడాయన. మారుమాట్లాడకుండా వచ్చేశాను.

గోడా నేలా కలిసేచోట అడుగుకో రంధ్రం వేసి మందు పోయించాను. మందు వాసనకు, ఇంట్లో పసిపిల్ల ఉండటంతో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశారు. రెండు నెలలు అద్దె లేదు, పైగా మూడు ద్వారబంధాలు మార్పించాలి. పక్క ఫ్లాటువాళ్ళేమో మందు వద్దంటున్నారు. చెదలు నేలలోంచి వచ్చేవి, మందు లేని వైపు నుంచి మళ్ళీ రావని నమ్మకమేముంది? అదే నా టెన్షన్.

చెదలుంటే కొనొద్దని అనను. అడ్వాన్స్ ఇవ్వకముందే కార్పెంటర్‌ను వెంటబెట్టుకెళ్ళండి. ఓనరు లేనప్పుడు అద్దెకున్నవాళ్ళతో మాట్లాడండి. మందు ఖర్చు, చెక్కపని, ఖాళీగా ఉండే నెలల అద్దె, మూడూ రేటులో తగ్గించమనండి. చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్ళు కూడా మందు కొట్టించడానికి ఒప్పుకోకపోతే మాత్రం, నేనైతే వదిలేస్తాను.

మా బ్లాకులోనే ఇంకో ఫ్లాట్ అమ్మకానికి ఉంది. దానికీ పోయిన వారమే రంగులేశారు.